బూరుగులంక రేవు దాకా ఎండుగడ్డి, తాగునీళ్లు చేర్చే దారి చెప్పగలరా?

మా పిన్నివాళ్లది ఆ రేవు అవతల, కోనసీమలో గోదావరి పాయల మధ్య ఉన్న ఉడిమూడిలంక. ధవళేశ్వరంలో నీటిమట్టం 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. రేవు దగ్గరి తాత్కాలిక బాట కొట్టుకుపోయింది, ఇక పడవే దిక్కు.

రాజమహేంద్రవరంలో మిత్రులం కలిసి 150 నీళ్ల టిన్నులు, బియ్యం, దోమతెరలు కూడబెట్టాం. లారీ రేపు తెల్లవారుజామున బయలుదేరుతుంది. రావులపాలెం మీదుగా పి.గన్నవరం వరకు లోడు లారీని వదులుతున్నారా? రేవులో సరుకు తడవకుండా దించే చోటు ఉందా? ఇంజను పడవకు తహసీల్దారు కార్యాలయంలో ముందే చెప్పాలా?

అన్నిటికన్నా నా బెంగ పశువుల గురించి. 2022 జులైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు పులిహోర పొట్లాలు గుట్టలుగా వచ్చి పాచిపోయాయి, ఎండుగడ్డి మాత్రం ఒక్క మోపు రాలేదు. ఏటిగట్టు మీద కట్టేసిన పిన్ని గేదె కొబ్బరాకులు నమిలింది, రెండు రోజుల్లో పాలు ఇంకిపోయాయి. ఆ ఇంటికి ఆదాయం ఆ పాలే. మెట్ట ప్రాంతంలో గడ్డి అమ్మేవారు తెలిస్తే దయచేసి చెప్పండి, డబ్బు మేమే ఇస్తాం. గడ్డి, బియ్యం ఒకే పడవలో వేయవచ్చా? అనుభవం ఉన్నవారు ఈ రాత్రికే రాయండి.