సక్షన్ అబార్షన్‌కు ముందు మిసో మాత్ర అందరికీ వేయాల్సిందేనా?

పలమనేరు వదిన:
మా ఆడపడుచుకు తొమ్మిదో వారం. చిత్తూరులో ఒక క్లినిక్‌లో సక్షన్ చేసి (గొట్టంతో పీల్చి) గర్భం తీస్తామని, పొద్దున్నే ఇంట్లో రెండు మిసో మాత్రలు నాలుక కింద పెట్టుకుని రమ్మన్నారు. బస్సు బంగారుపాళెం చేరకముందే కడుపునొప్పి, రక్తం. ముందు సీటు కమ్మీ పట్టుకుని వంగిపోయింది పాపం. నొప్పి వస్తుందని ఒక్క మాట చెప్పలేదు. అసలీ మాత్ర అవసరమా?

తిరుపతి స్టాఫ్ నర్సు:
చెప్పకపోవడం తప్పే అక్కా. మాత్ర మాత్రం తప్పు కాదు. ఇంకా కాన్పు కాని అమ్మాయిలకు గర్భసంచి ముఖద్వారం బిగుసుకుని ఉంటుంది. దాన్ని డైలేటర్లతో (వెడల్పు చేసే కడ్డీలతో) బలవంతంగా తెరిస్తే చిరగొచ్చు, ఒక్కోసారి గర్భసంచికే చిల్లు పడొచ్చు. ఈ మిసో, అంటే మిసోప్రోస్టాల్, 400 మైక్రోగ్రాములు వేస్తే ముందే మెత్తబడి కాస్త తెరుచుకుంటుంది.

ఫార్మసీ తమ్ముడు:
12 వారాల లోపు చిల్లు పడటం చాలా అరుదు మేడమ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 దేశాల్లో దాదాపు 5,000 మందిపై చేయించిన పరిశోధన 2012లో వచ్చింది. లోపల ముక్కలు మిగలడం మాత్ర పెట్టినవాళ్లలో నూటికి ఒకరికన్నా తక్కువ, పెట్టనివాళ్లలో ఇద్దరు. కడుపునొప్పి? పెట్టినవాళ్లలో నూటికి 55 మందికి, పెట్టనివాళ్లలో 22 మందికి. ఒకరి కోసం ముప్పై మందిని బాధపెట్టాలా? ఆ సంస్థ 2022 మార్గదర్శకాలు కూడా 12 వారాల లోపు తప్పనిసరి అనలేదు.

తిరుపతి స్టాఫ్ నర్సు:
లెక్క సరే తమ్ముడూ. ఆ ఒక్కరు ఎవరో కూడా చూడు. ఇంట్లో చెప్పకుండా కుప్పం నుంచి వచ్చిన పిల్ల. వారం తర్వాత రక్తం ఆగక, జ్వరంతో మళ్లీ రావాలి, మళ్లీ థియేటర్‌కెక్కాలి. ఇంట్లో ఏం చెప్పి బయటపడుతుంది? నొప్పికైతే ఐబుప్రొఫెన్ ఉంది. ఇద్దరు ముగ్గురిని కన్నామెకు, ఆరేడు వారాలకే వచ్చినామెకు వదిలేసినా ఫర్వాలేదు. వేసేదేదో వార్డులోనే వేయాలి. నాలుక కింద పెడితే గంట, రెండు గంటలే కదా. ప్యాడ్, నొప్పి మాత్ర చేతికిచ్చి పడుకోబెట్టాలి.

పలమనేరు వదిన:
మంచాలు ఖాళీ లేవన్నారమ్మా.

తిరుపతి స్టాఫ్ నర్సు:
కుర్చీ అయినా వేయాలి, బాత్రూమ్ దగ్గర్లో. బస్సులో వద్దే వద్దు.

ఫార్మసీ తమ్ముడు:
అలా అయితే నాకూ అభ్యంతరం లేదు. కానీ లాభం, నొప్పి రెండూ చెప్పి ఆమెను అడగాలి. వద్దంటే మానాలి.

తిరుపతి స్టాఫ్ నర్సు:
తొలి వారాల్లో ఒప్పుకుంటా. 12 దాటితే మాత్రం నచ్చజెప్పయినా వేయించాలంటాను. అక్కడ మార్గదర్శకాలు కూడా ముఖద్వారాన్ని ముందే మెత్తబరచమనే సూచిస్తున్నాయి.