జరీ అంచు మీద దారం తెగుతోంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్

సూదీదారం:
సాయంత్రం ఏడింటికి కూర్చున్నాను, ఇప్పుడు పదకొండు దాటింది. సంక్రాంతి బొమ్మల కొలువు పేరంటానికి వచ్చేవాళ్లకి ఇద్దామని పాత మంగళగిరి చీరల అంచులు, జాకెట్లు కుట్టగా మిగిలిన పట్టు ముక్కలు కలిపి 21 చిన్న సంచులు, గుమ్మానికి ఒక తోరణం మొదలుపెట్టాను. నాలుగు అంగుళాలు కుట్టేసరికి పై దారం ఫట్. మళ్లీ ఎక్కించు, మళ్లీ ఫట్. మధ్యలో కుట్లు వదిలేస్తోంది కూడా. రీలు మార్చాను, నూనె వేశాను, దారం బిగువు సరిచేసే టెన్షన్ నట్టు బిగించి చూశాను, వదులు చేసి చూశాను. మా ఆయన "బజార్లో కొనేస్తే పోయేదిగా" అనేసి పడుకున్నారు. ఇంక ఏం చేయను?

వన్‌టౌన్ టైలర్:
సూది మార్చండి.

సూదీదారం:
మార్చానండీ, రెండుసార్లు. కొత్తవే.

వన్‌టౌన్ టైలర్:
ఎన్నో నంబరు? ఏ మిషను?

బ్రాడీపేట పిన్ని:
అమ్మాయ్, అసలు అది జరీయేనా, ముందు అది చూసుకో. అసలు జరీ అంటే పట్టు దారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత పూసేది. ఇప్పుడు వచ్చేదంతా చాలావరకు మెరిసే ప్లాస్టిక్ పొరే. ఒక పోగు లాగి వెలిగించు, ముడుచుకుని ఉండ కడితే ప్లాస్టిక్. వేడి ఇస్త్రీ పెట్టావా, అంటుకుపోతుంది, పైన నూలు గుడ్డ వేసే రుద్దాలి. మా అమ్మ చీర అంచులు ఇప్పటికీ...

వన్‌టౌన్ టైలర్:
పిన్నిగారూ, ఆవిడ అడిగింది దారం గురించి.

కొలువు తాతయ్య:
ఒక మాట. మామిడాకులు కట్టేదే తోరణం. గుడ్డ పీలికలు వేలాడదీసి తోరణం అనడమేమిటి? పైగా మా ఇంట్లో కొలువు దసరాకే, సంక్రాంతికి కాదు.

బ్రాడీపేట పిన్ని:
మా గుంటూరు వైపు సంక్రాంతికే పెడతాం బాబాయ్‌గారూ, ఎవరి ఆనవాయితీ వాళ్లది. ప్లాస్టిక్ మామిడాకులు కట్టే కాలంలో గుడ్డ తోరణానికి వంక పెట్టడం దేనికి?

సూదీదారం:
14 నంబరు సూది, మా అమ్మ కాలంనాటి నల్ల తొక్కుడు మిషను. మామూలు గుడ్డ మీద శుభ్రంగా కుడుతోంది. ఈ ముక్కల మీదే గొడవ. అంచులు జారిపోతున్నాయని ముందే గ్లూ గన్‌తో అతికించుకుని కుడుతున్నాను, అయినా నిలవట్లేదు.

వన్‌టౌన్ టైలర్:
ఇది మొదటే చెప్పాలి కదమ్మా. సూది తీసి వేళ్ల మధ్య జరిపి చూడండి, బంకగా తగులుతుంది. ఆ జిగురు సూది కంటికి పట్టి దారాన్ని ఒరుస్తోంది, కుట్లు వదిలేదీ అందుకే. తెగిన కొస దూదిలా చీలి ఉందా చూడండి, నట్టు బిగువుకైతే నున్నగా తెగేది. స్పిరిట్ అద్దిన దూదితో సూది తుడవండి. అతికించిన ముక్కలు కాసేపు ఫ్రీజర్‌లో పెడితే జిగురు గట్టిపడి పెళుసుగా ఊడొస్తుంది, పట్టు మీద మాత్రం నెమ్మదిగా లాగండి. ఇక నుంచి జిగురు వద్దు, గుండుసూదులు పెట్టి పెద్ద కుట్లతో టాకా వేసుకోండి. మందంగా ఉన్నచోట 16 నంబరు సూది. దాని చదును వైపు ఇప్పుడున్నట్టే పెట్టాలి, తిప్పేస్తే అసలు కుట్టే పడదు.

కొలువు తాతయ్య:
టాకా కాదు, కచ్చా కుట్టు అనాలి.

వన్‌టౌన్ టైలర్:
మా బెజవాడ వస్త్రలత బట్టల మార్కెట్ దగ్గర అందరూ టాకా అనే అంటారు సార్.

బ్రాడీపేట పిన్ని:
మేం పొడి కుట్టు అంటాం. సంచికి నాడా ఏం వేస్తున్నావమ్మాయ్? జాకెట్ల నాడాలు మిగిలి ఉంటే అవే వాడు, కొసకి చిన్న పూస కట్టు.

సూదీదారం:
స్పిరిట్‌తో తుడిచాక 16 నంబరుతో ఆగకుండా కుట్టింది, థాంక్సండీ. తొమ్మిది సంచులు అయ్యాయి. రెండు ముక్కల్లో జిగురు ఊడలేదు, అవి పక్కన పడేశాను. తోరణం సంగతి రేపు.

కొలువు తాతయ్య:
తోరణం అనకండి.