నెలకు 1500తో హైదరాబాద్ రుచులు చూడటం ఎలా?

విద్యానగర్_హాస్టల్:
ఉస్మానియాలో ఎమ్మెస్సీ మొదటి ఏడు. మెస్ బిల్లు పోను బయట తిండికి నెలకు 1500 మిగులుతుంది. కడుపు నింపుకోవడానికి కాదు, ఈ ఊరి వంటలు తెలిసి తినాలని ఉంది: నహారీ, చార్ కోనీ నాన్, బిర్యానీ, బండి దోశ, ఇరానీ చాయ్. యాప్‌లో మూడుసార్లు ఆర్డర్ పెడితే సగం డబ్బు అయిపోతోంది. ఆదివారాలు ముగ్గురం కలిసి వెళ్తాం. ఒకరు శాకాహారి. ఏది ఏ టైమ్‌కి, ఎంత చెప్పాలి? బిల్లులో ఏం చూసుకోవాలి? కడుపు పాడవకుండా ఎలా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఉస్మానియా_బిస్కెట్:
ముందు యాప్ తీసెయ్ తమ్ముడూ. చాలా హోటళ్లు యాప్‌లో పెట్టే ధర, కౌంటర్ దగ్గర బోర్డు మీదుండే ధర ఒకటి కావు. దాని మీద ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజు. మెనూ బోర్డు ఫొటో పక్కన యాప్ బిల్లు పెట్టుకుని చూడు, నీకే తెలుస్తుంది.

1500ని ఇలా విడగొట్టు: నాలుగు ఆదివారాలకు 250 చొప్పున వెయ్యి. మధ్యలో చాయ్, టిఫిన్లకు 300. మిగతా 200 ముట్టుకోకు. రంజాన్ నెలలో హలీమ్‌కో, సీతాఫలాల కాలంలో మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్‌కో పనికొస్తుంది.

డబ్బు కన్నా ముఖ్యం టైమ్. ఏ వంట ఏ గంటకు పొయ్యి మీద నుంచి దిగుతుందో ఆ గంటకే వెళ్లాలి. నహారీ రాత్రంతా సన్న సెగ మీద ఉడుకుతుంది. పొద్దున ఏడు లోపు వెళితే షోర్బా (మాంసం పులుసు) పల్చగా, పైన నూనె తేరి, మాంసం వేలితో నొక్కితే విడిపోయేలా ఉంటుంది. తొమ్మిదిన్నరకి అదే గిన్నెలో నీరు ఇగిరి ఉప్పు పైకి తేలుతుంది, మాంసం పీచులైపోయి ఉంటుంది. నువ్వు కట్టేది మాత్రం అదే ధర. ఇద్దరికి ఒక ప్లేటు చాలు, రొట్టె ఎక్కువ తీసుకోండి.

రొట్టె కోసం పాతబస్తీలో మున్షీ నాన్‌కి వెళ్లు. 1851లో మొదలైన దుకాణం. నాలుగు మూలల నాన్ తందూర్ గోడ నుంచి ఊడదీయగానే అంచు కరకర, మధ్య మెత్తన. కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంటే ఆవిరికి అంచు మెత్తబడి సాగుతుంది. కాసేపు చేతిలోనే పట్టుకుని ఆరనిచ్చి తర్వాత చుట్టు.

చాయ్ ఎప్పుడూ వన్ బై టూ చెప్పు. ఇరానీ చాయ్‌లో డికాక్షన్ వేరుగా మూత పెట్టి మరిగిస్తారు, పాలు వేరుగా చిక్కబడేదాకా కాస్తారు. కప్పులోనే రెండూ కలుస్తాయి. కాబట్టి చిక్కగా ఉంటుంది, సగం కప్పు సరిపోతుంది. చార్మినార్ పక్కనే నిమ్రా ఉంది. ఉస్మానియా బిస్కెట్లు అక్కడే పొయ్యి నుంచి వచ్చినవి విడిగా కొనుక్కో, డబ్బా వద్దు.

దమ్‌కా_హండీ:
బిర్యానీ గురించి నేను చెప్త. ముగ్గురు పోయి మూడు సింగిల్స్ చెప్పుడే అందరు చేసే తప్పు. ఒక ఫుల్లు, దాని తోడు ముక్కల్లేని బిర్యానీ రైస్ ఒకటి చెప్పున్రి. ఖాళీ ప్లేట్లు ఇస్తరా అని కూసునే ముందే అడుగున్రి, కొన్ని హోటళ్లల్ల ఇయ్యరు. మీ శాకాహారి దోస్తుకు మాత్రం ఆ రైస్ పెట్టొద్దు, అది కూడా మాంసం హండీలదే.

పోవలసిన టైమ్ పన్నెండు నుంచి ఒంటిగంట. కచ్చి బిర్యానీల పచ్చి మాంసం మసాలతోని అడుగుకు, సగం ఉడికిన బియ్యం మీదికి. మూత అంచుకు పిండి పెట్టి దమ్ ఇస్తరు. అందుకే మీద తెల్లన్నం, కింద మసాల. వడ్డించేటాయన సాసర్ నిలువుగ దింపి ఒక పక్క నుంచి అడుగుదాక కోసి తీస్తే రెండూ వస్తయి. రష్ ఎక్కువైతే మీది మీదికే గీరి పెడ్తరు, అప్పుడు ప్లేటుల ఉత్త తెల్లన్నమే. "అడుగు నుంచి మసాల కలిపి పెట్టు భాయ్" అని ముందే చెప్పాలె. పెట్టినంక చెప్తే ఎవ్వరు ఇనరు.

మెతుకు చూస్తే సంగతి తెలుస్తది. పొడుగ్గ, విడివిడిగ ఉంటే హండీ ఇప్పుడే తెరిచిండ్రు. విరిగి, పొడిపొడిగ, అంచులు గట్టిపడి ఉంటే పొద్దటిది. అడుగంటిన వాసన వస్తే హండీ మొత్తానికి పడుతది, ఇంకో ముక్క ఏసినా లాభం లేదు. మార్చమని చెప్పున్రి.

అక్కడ కూసుంటే మిర్చీ కా సాలన్, పెరుగు చట్నీ మళ్ల అడిగితే పోస్తరు. పార్శిల్ల గా సౌలత్ లేదు, ఇచ్చిన చిన్న పొట్లమే.

బిల్లు_చూస్తా:
హోటల్ బిల్లు మీద మామూలుగా 5 శాతం జీఎస్టీ, సగం కేంద్రానికి సగం రాష్ట్రానికి. 400 తింటే 10, 10. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబర్ లేకుండా పన్ను వేస్తే అడగండి. కొన్ని చిన్న హోటళ్లు కాంపోజిషన్ స్కీమ్‌లో (పన్ను హోటలే తన జేబులోంచి కట్టే పద్ధతిలో) ఉంటాయి. అలాంటివి గిరాకీ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు, ఆ మాట బిల్లు పైనే రాసి ఉండాలి.

సర్వీస్ ఛార్జి వేరు, పన్ను కాదు. దాన్ని బిల్లులో దానంతట అదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి. తీయకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు. 400 బిల్లు మీద పది శాతం వేసినా 40. విద్యార్థికి 40 రూపాయలంటే రెండు పూటల చాయ్, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

సోనామసూరి:
ఆదివారం 250 మిగలాలంటే మెస్ లేని పూటల్లో పొదుపు చేయాలి. రూమ్‌లో చిన్న రైస్ కుక్కర్ పెట్టుకుని కూర మాత్రం కర్రీ పాయింట్‌లో తెచ్చుకోండి. గ్లాసు పాత సోనామసూరికి రెండు గ్లాసుల నీళ్లు, కొత్త బియ్యమైతే పావు గ్లాసు తగ్గించాలి, లేకపోతే ముద్దవుతుంది. ముగ్గురికి ఒక పప్పు, ఒక వేపుడు చాలు. మధ్యాహ్నం పన్నెండున్నరకి, రాత్రి ఏడున్నరకి వెళితే అప్పుడే దింపినవి దొరుకుతాయి. సాయంత్రం ఐదుకి కనిపించే పప్పు మధ్యాహ్నానిదే. వేసవిలో అది పులిసే టైమ్, పొట్లం ముడి విప్పగానే నురగ కనిపిస్తే పారేయండి.

నెలాఖరుకి ఐదు రూపాయల భోజనం ఉండనే ఉంది. అన్నపూర్ణ క్యాంటీన్లకు ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు. మధ్యాహ్నం ఆలస్యంగా వెళితే అయిపోతుంది.

ల్యాబ్_కోటు:
కడుపు సంగతి. ఎక్కువ భయపడాల్సింది పానీపూరీ ఒక్కదానికే కాదు, రాత్రి తొమ్మిదింటి ఫ్రైడ్ రైస్‌కి కూడా. పొద్దున వండిన అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. పెద్ద మంట మీద వేయించినా ఆ విషం పోదు. బండి పక్కన అన్నం మూత లేని టబ్‌లో చల్లగా కనిపిస్తే నూడుల్స్ చెప్పండి.

మయొనైజ్: పచ్చి గుడ్డుతో చేసినదాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు. షవర్మా, మోమో తినేచోట గుడ్డు లేనిదా అని అడగండి, జవాబు నమ్మకంగా రాకపోతే వద్దనండి. కొబ్బరి చట్నీ పదిన్నర దాటాక వద్దు.

విరేచనాలు పట్టుకుంటే 20.5 గ్రాముల ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. సగం పొడి గ్లాసులో కలిపి తాగడం తప్పు, ఉప్పు, చక్కెర ఎక్కువై నీళ్ల విరేచనాలు పెరుగుతాయి. జ్వరం, రక్తం ఉంటే డాక్టర్ దగ్గరికే.

విద్యానగర్_హాస్టల్:
అందరికీ థాంక్స్ అన్నా. శాకాహారి ఫ్రెండ్‌కి ఒక పూర్తి ఆదివారం ఎలా ప్లాన్ చేయమంటారు? తను అమ్మాయి, పొద్దున్నే బయల్దేరగలం.

ఉస్మానియా_బిస్కెట్:
తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ పెట్టుకోమను. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తనకు జీరో టికెట్. మిగతా ఇద్దరి ఛార్జీలే లెక్క.

ఏడున్నరకల్లా గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి. ముగ్గురికి ఒక ఉప్మా దోశ, ఒక తవా ఇడ్లీ చెప్పి పంచుకోండి. పెనం మీద వెన్న, కారప్పొడి, ఉప్మా కలిపి రుద్దేస్తారు కాబట్టి ఒక్కరు ఒక దోశ పూర్తి చేస్తే ఇంకేదీ తినలేరు. వెన్న తక్కువ కావాలంటే పిండి పోయకముందే చెప్పాలి. నిలబడే తినాలి, ప్లేటు చేతికి రాగానే తినండి, ఐదు నిమిషాలకు దోశ మెత్తబడుతుంది.

అక్కడి నుంచి చార్మినార్‌కి నడక, చాయ్. బిస్కెట్‌లో గుడ్డు ఉందా అని అడిగి కొనండి. పదకొండుకి మొజంజాహీ మార్కెట్. మధ్యాహ్నానికి ఆంధ్రా మీల్స్, పన్నెండున్నరకి మొదటి పంక్తిలోనే. ఆలస్యమైతే కూరలు అయిపోయి సాంబారు, రసంతో సరిపెడతారు. పార్శిల్‌కి అన్‌లిమిటెడ్ ఉండదు, కూర్చునే తినండి. 250 దాటేలా ఉంటే ఐస్‌క్రీమ్ ఒకటి తగ్గించి పంచుకోండి, మీల్స్ తగ్గించొద్దు.