15 జీబీ నిండింది: శాసనాల ఫోటోలు కుదించవచ్చా, కూడదా?

గుడిమెట్లు:
పాత గుళ్లు, శాసనాలు ఫోటో తీయడం నాకు ఏళ్లుగా ఉన్న అలవాటు. ఆలంపురం, లేపాక్షి, పాలంపేట రామప్ప గుడి, ద్రాక్షారామం, ఇలా ఎక్కడికి వెళ్లినా కెమెరా వెంట ఉంటుంది. 24 మెగాపిక్సెళ్ల కెమెరా, ఒక్కో ఫోటో సుమారు 10 ఎంబీ. అన్నీ గూగుల్ ఫోటోస్‌లో అసలు సైజులోనే పెడుతూ వచ్చాను. జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడింటికీ కలిపి ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోయింది. ఇలాగే వదిలేస్తే మెయిళ్లు కూడా ఆగిపోతాయట, అదో టెన్షన్.

సెట్టింగ్స్‌లో 'రికవర్ స్టోరేజ్' అని ఒకటుంది. అది నొక్కితే పాత ఫోటోలన్నీ 'స్టోరేజ్ సేవర్' నాణ్యతకు మారతాయి, 16 మెగాపిక్సెళ్లు దాటినవి 16కు దిగుతాయి. 16 మెగాపిక్సెళ్లతో 24 అంగుళాల వెడల్పు ప్రింటు కూడా బాగానే వస్తుంది. ఫోన్లో చూసేవాళ్లకు తేడా తెలియనే తెలియదు. అలాంటప్పుడు కుదిస్తే తప్పేమిటి? నేనైతే కుదించేద్దామనే అనుకుంటున్నాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

రాతిరాత:
గుడిమెట్లు గారూ, దయచేసి అది నొక్కకండి. ఒకసారి కుదిస్తే క్లౌడ్‌లో ఉన్న అసలు ఫోటో మళ్లీ రాదు.

మీ కెమెరా ఫోటో 6000 × 4000 పిక్సెళ్లు. 16 మెగాపిక్సెళ్లకు దించితే వెడల్పు 4900కు వస్తుంది. 30 పిక్సెళ్ల ఎత్తున్న అక్షరం 24కు తగ్గుతుంది. అంతవరకైతే సర్దుకుపోవచ్చు. అసలు నష్టం వేరే చోట ఉంది. ఫోటో ఫైళ్లను కుదించే జేపెగ్ పద్ధతి ఫోటోను 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో సన్నటి మార్పులను ముందుగా వదిలేస్తుంది. మనిషి ముఖంలోనో ఆకాశంలోనో అది కంటికి ఆనదు. వాన దెబ్బకు అరిగిపోయిన రాతి మీద మాత్రం, అది వత్తా లేక రాయి పెచ్చు లేచిందా అని తేల్చేది ఆ సన్నటి నీడే. అది పోతే చదవడానికి ఏమీ మిగలదు.

శాసనం మీద తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది అచ్చు తీయడం పురావస్తు శాఖ పద్ధతి. రాయి పాడైపోయాక కూడా ఆ అచ్చును బట్టి చదవగలుగుతారు. మీ ఫోటో కూడా అలాంటి సాక్ష్యమే. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఆలంపురానికి తరలించారు. ముచ్చుమర్రి దగ్గరి సంగమేశ్వరం ఏటా నీళ్లలో మునిగి తేలుతూనే ఉంది. అక్కడ ఈ ఏడు తీసిన ఫోటో మళ్లీ ఏడు తీయగలమని ఎలా అనుకుంటాం?

బెజవాడ బాబాయ్:
కుదించాలా వద్దా అని వాదించుకునే ముందు, ఆ 15 జీబీని నింపిందేమిటో చూడండి గుడిమెట్లు గారూ. మా ఇంట్లో ఎవరికి నిండినా మొదట దొరికేది వీడియోలే. 4కే వీడియో నిమిషానికి 170 ఎంబీ, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తింటుంది. తర్వాత వాట్సాప్. ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని బ్యాకప్ 2024 నుంచి గూగుల్ ఖాతా స్టోరేజ్‌లోనే లెక్కపడుతోంది. గ్రూపుల్లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మలకు జాగా ఇచ్చి శాసనాలను కుదించుకుంటామా? చివరగా ట్రాష్ చూడండి. డిలీట్ చేసిన ఫోటోలు అందులో 60 రోజులుంటాయి, ఖాళీ చేసేదాకా జాగా తిరిగి రాదు.

ఇంకో మాట. ఫోన్లో జాగా కోసం ఫోటోస్ యాప్‌లో డిలీట్ కొడితే క్లౌడ్‌లోనూ పోతుంది. ఫోన్ నుంచి మాత్రమే తీసేయాలంటే 'ఫ్రీ అప్ స్పేస్' వాడాలి. ఈ తేడా తెలియక ఫోటోలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

నెలజీతం:
ఇంత చర్చ దేనికో నాకు అర్థం కావడం లేదు. 100 జీబీ ప్లాను నెలకు 130 రూపాయలు. గుళ్ల చుట్టూ తిరగడానికి పెట్రోలు పోసుకునే మనిషికి అదో భారమా? డబ్బు కట్టేసి హాయిగా ఫోటోలు తీసుకోండి అన్నా.

డాలస్ డైరీ:
తమ్ముడూ, 130 రూపాయల గురించి కాదు నా బెంగ. అది జీవితాంతం కట్టాల్సిన అద్దె. కట్టడం ఆపి, కోటా దాటిన స్థితిలో రెండేళ్లు ఉంటే ఫోటోలు తొలగించే హక్కు వాళ్లకు ఉందని నిబంధనల్లోనే రాసి ఉంది.

నిబంధనలూ ఒక్కలా ఉండవు. 2015లో గూగుల్ ఫోటోస్ వచ్చినప్పుడు కుదించిన ఫోటోలు ఎన్నైనా ఉచితమన్నారు. 2021 జూన్ 1 నుంచి ఎక్కించినవి మాత్రం 15 జీబీలోనే లెక్కపడుతున్నాయి. 2017లో ఫోటోబకెట్ అనే ఫోటోల సైటు ఉన్నట్టుండి, మా దగ్గరున్న బొమ్మలు వేరే సైట్లలో కనబడాలంటే ఏడాదికి 400 డాలర్లు కట్టాలంది. జనం ఏళ్లపాటు రాసుకున్న పేజీల్లో బొమ్మలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఒక టెరాబైట్ ఉచితంగా ఇచ్చిన ఫ్లికర్ 2018లో ఉచిత ఖాతాలకు 1000 ఫోటోల హద్దు పెట్టింది.

అందుకే నా ఓటు హార్డ్ డిస్క్‌కు. ఒక్కసారి కొంటే అది మన సొత్తు.

బెజవాడ బాబాయ్:
డాలస్ అమ్మాయ్, నువ్వన్నవన్నీ నిజమే. కానీ 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా బంధువుల ఇంట్లోకి నీళ్లొచ్చాయి. రోజుల తరబడి తీయలేదు. బీరువా కింద అరలో ఉన్న హార్డ్ డిస్క్, పెళ్లి ఆల్బమ్ రెండూ బురదలోనే దొరికాయి. ఆ ఇంటి అమ్మాయి అమ్మానాన్నలు ఇద్దరూ ఇప్పుడు లేరు, వాళ్లు కలిసి ఉన్న ఫోటోలు అవే. మన సొత్తు మన ఇంట్లో ఉందని నిశ్చింతగా ఉండటం కుదరదమ్మా. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట. ఫోటోగ్రాఫర్లు పాటించే ఈ లెక్కను మనమూ పాటించాలి.

గుడిమెట్లు:
రాతిరాత గారూ, నీడ గురించి మీరు చెప్పింది నాకు తట్టని విషయం. శాసనాలు కుదించను. అయితే అన్నిటికీ అదే సూత్రం పెడితే ఒప్పుకోలేను. గోపురం దూరం నుంచి తీసినవి, ప్రసాదం క్యూలు, మా పిల్లలు మెట్ల మీద కూర్చున్నవి, వీటికి 24 మెగాపిక్సెళ్లు దేనికి? ఒకే రాయివి ఆరేడు ఫోటోలుంటాయి, ఒకటి ఉంచి మిగతావి తీసేస్తే సగం జాగా వస్తుంది.

రాతిరాత:
క్యూల ఫోటోలు మీ ఇష్టం. ఒకే రాయివైతే తీసేసే ముందు చూసుకోండి. పొద్దున ఏటవాలు వెలుగులో స్పష్టంగా కనబడే వరుస మధ్యాహ్నం నడినెత్తి ఎండలో మాయమవుతుంది. ఎడమ నుంచి వెలుగు పడితే ఒక గీత తేలుతుంది, కుడి నుంచి పడితే ఇంకోటి. ఆ ఆరేడూ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే వరుస పూర్తవుతుంది. అవి ఒకే ఫోటోకు నకళ్లు కావు. చెయ్యి కదిలి మసకబారినవి మాత్రం నిస్సంకోచంగా తీసేయండి.

ఇంకో దారి కూడా ఉంది. శాసనాలవరకు వికీమీడియా కామన్స్‌లో, అంటే వికీపీడియా వాళ్ల ఉచిత ఫోటోల భండారంలో, అసలు సైజులో ఎక్కించండి. డబ్బు కట్టనక్కర్లేదు, కుదించదు, చూసేవాళ్లకు చిన్న సైజులు అదే తయారుచేసి చూపిస్తుంది. ఊరు, గుడిలో ఏ వైపు, తేదీ రాస్తే చదవగలిగినవాళ్ల కంట పడుతుంది.

నెలజీతం:
కామన్స్‌లో పెడితే ఎవరైనా వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు కదా? అన్న ఎండలో పడిన కష్టం ఎవరిదో క్యాలెండర్ మీదకు పోతుంది. నాకది న్యాయంగా అనిపించడం లేదు.

రాతిరాత:
వాడుకోవచ్చు, కానీ సీసీ బై-ఎస్ఏ అనే ఉచిత వాడకపు లైసెన్సు ఎంచుకుంటే తీసినవారి పేరు వేసి తీరాలి. వేయనివాళ్లూ ఉంటారు, కాదనను. అయినా గుడి గోడ మీద ఆ మాటలు చెక్కించినవాళ్లు అందరూ చదవాలనే చెక్కించారు. మన దగ్గర తాళం వేసి ఉంచడం కంటే క్యాలెండర్ మీదకు పోవడమే నాకు మేలనిపిస్తుంది.

డాలస్ డైరీ:
కామన్స్‌లో పెట్టినా సొంత కాపీ ఉంచుకోండి అంకుల్. గూగుల్ ఖాతాలో 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్'లో ఇంట్లోవాళ్ల పేరు కూడా ఇవ్వండి. రెండేళ్లు వాడని ఖాతాలను తొలగిస్తామని 2023లోనే ప్రకటించారు. మనం లేకపోయినా పిల్లల చేతికి ఫోటోలు అందాలి.

గుడిమెట్లు:
ముందు వీడియోలు, వాట్సాప్ బ్యాకప్ సంగతి చూస్తాను. శాసనాలన్నీ రెండు హార్డ్ డిస్కుల్లోకి తీసి, ఒకటి మా చెల్లెలి ఇంట్లో పెడతాను. కుటుంబ ఫోటోలు కుదిస్తాను, ఆ విషయంలో నా మాట మారదు. ఆలంపురం శాసనాలు కామన్స్‌కు ఇస్తాను. లేపాక్షి పైకప్పు బొమ్మలు ఇవ్వాలా వద్దా అన్నది నెలజీతం తమ్ముడు అడిగినదాని గురించి ఇంకా ఆలోచించుకుని చెప్తాను.