పాకాల చెరువు పక్కన అడవిలో తేలికపాటి నడక: ఎలా వెళ్లాలి?

సుబేదారి: కార్తీకంలో ఒక ఆదివారం అమ్మను, ఎనిమిదేళ్ల బాబును తీసుకుని పాకాల వెళ్లాలనుకుంటున్నాం. కొండలెక్కే పని లేకుండా, నీళ్లు కనబడుతూ, చెట్ల నీడన రెండు గంటలు నడిస్తే చాలు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. కారు లేదు, హనుమకొండ నుంచి బస్సులోనే రావాలి. నడక ఎక్కడ మొదలుపెట్టాలి, భోజనం సంగతి ఏమిటి, బాబును నీళ్లలోకి దింపవచ్చా? తెలిసినవారు చెప్పగలరు.

టేకుపూత: కాలం బాగా ఎంచుకున్నారు. ఎండాకాలంలో టేకు ఆకంతా రాల్చేస్తుంది, నీడన్నదే దొరకదు. మే నెలలో వెళ్లి వచ్చి ‘అక్కడ అడవే లేదు’ అని రాసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. బాబుకు నల్లమద్ది చూపించండి. బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది, ఒకసారి చూస్తే ఇక మరచిపోడు.

ఉసిరినీడ: భోజనానికి ఆలోచన ఎందుకండీ, కార్తీకమాసం కదా! మేము ఏటా మూడు రాళ్లు పెట్టి అక్కడే వండుకుంటాం. పులిహోర, పప్పుచారు, వేడివేడి గారెలు. ఉసిరి చెట్టు కింద తిన్న ఆ ముద్ద ఇంట్లో తింటే రాదు.

కాలిబాట: అడవిలో పొయ్యా? పాకాల వన్యప్రాణుల అభయారణ్యం అని తెలిసే రాస్తున్నారా? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 30 చదవండి. నేను ఈ అడవుల్లో ఎంతోమందిని నడిపించాను, అగ్గిపెట్టె ఉన్నవాళ్లను వెంట రానివ్వను.

ఉసిరినీడ: చదివాను. ‘అభయారణ్యానికి ప్రమాదం కలిగే విధంగా’ నిప్పు రాజేయకూడదని ఉంది. ఆ మాట ఎందుకు వదిలేశారు? చుట్టూ ఊడ్చి, నీళ్ల బిందె పక్కన పెట్టుకుని వండుతాం. మా నాయనమ్మ కాలం నుంచి వస్తున్న ఆచారం ఇది. మీరు కొత్తగా వచ్చి నేర్పనక్కర్లేదు.

కాలిబాట: ఎండుటాకుల కింద నిప్పు పైకి కనబడకుండా పాకుతుంది. మీరు బిందె సర్దుకుని ఇంటికి చేరాక గాలి లేస్తే ఎవరు జవాబు చెబుతారు? వనభోజనమంటే వనంలో భోంచేయడం. వంట ఇంట్లో చేసుకుని రండి, ఆచారానికి ఏ లోటూ రాదు.

గోపాలపురం_77: మంటలన్నీ వనభోజనాల వల్లేనా? బీడీలు చుట్టే తునికాకు బాగా చిగురించాలని ఎండాకాలంలో పొదలు తగలబెట్టేవాళ్ల మాట ఎవరూ ఎత్తరేమి?

ఖానాపురం రైతు: ఎత్తండి, రుజువుతో ఎత్తండి. తునికాకు మాకు ఎండాకాలపు తిండిగింజలు. అడవి కాలితే ముందు నష్టపోయేది మేమే. మంట లేస్తే పచ్చి కొమ్మలు పట్టుకుని పరుగెత్తేదీ మా ఊళ్లవాళ్లే. చూసిపోవడానికి వచ్చినవాళ్లు మా మీద నింద వేయకండి.

గోపాలపురం_77: మీ ఊరి పేరు నేనెత్తలేదు.

ఖానాపురం రైతు: తునికాకు ఏరేది ఎవరో అందరికీ తెలుసు. పేరెత్తనక్కర్లేదు.

తూముకాడ: బాబు నీళ్లలోకి దిగే విషయం అడిగారు, ఒక్కరూ పట్టించుకోలేదు. దింపకండి. ఈ చెరువులో మొసళ్లున్నాయి. అంతకన్నా దగ్గరి ప్రమాదం తూము. నా ఉద్యోగమంతా చెరువు కట్టల మీదే గడిచింది కాబట్టి చెబుతున్నాను. తూము తెరిచినప్పుడు పైన నీరు అద్దంలా కదలకుండానే ఉంటుంది, అడుగున మాత్రం లాగేస్తుంది. ఈత వచ్చినవాడికైనా కాలు పట్టు దొరకదు. బాబును కట్ట మీదే ఉంచి, అక్కడి నుంచే చూపించండి.

శాసనప్రియ: ఆ కట్ట మీద నడుస్తున్నప్పుడు ఎవరు కట్టించారో కూడా బాబుకు చెప్పండి. కాకతీయ గణపతిదేవుడి కాలం, 1213. గుట్టల మధ్య సందును మట్టికట్టతో మూసి ఇంత నీటిని నిలిపారు. రామప్ప గుడి శాసనం కూడా ఆ ఏటిదే. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చాక జనమంతా అటే పోతున్నారు, పాకాలను అడిగేవారు లేరు. నాకది బాధ.

మున్నేటి ఒడ్డు: అడిగేవారు లేకపోవడమే మంచిది, చెరువు శుభ్రంగా ఉంటుంది. అక్కడి వాగు గార్ల మీదుగా వచ్చి మా ఖమ్మంలో మున్నేరు అవుతుంది. 2024 సెప్టెంబరులో ఆ మున్నేరే మా వీధుల్లోకి వచ్చింది. పైన అడవి నిలిస్తేనే కింద మేము నిలుస్తాం. పొయ్యి గొడవ మీకు చిన్నదిగా కనబడుతోందేమో, నాకు కాదు.

ఉసిరినీడ: వరదకూ నా గారెలకూ ముడిపెట్టకండి!

టేకుపూత: అమ్మగారి మోకాళ్ల సంగతి అందరూ మరిచిపోయారు. కట్ట మీద నడక చదునుగా ఉంటుంది, అక్కడే మొదలుపెట్టండి. ఓపిక ఉంటేనే చెట్ల వైపు తిరగండి. లోపలి దారుల్లోకి వెళ్లే ముందు అటవీ సిబ్బందిని అడగాలి. అరటిపళ్లు సంచిలో లోపలికి పెట్టుకోండి, కోతులు చేతిలోంచే లాక్కుంటాయి.

సుబేదారి: అందరికీ ధన్యవాదాలు. పులిహోర ఇంటి నుంచే తెచ్చుకుంటాం, బాబును నీళ్లలోకి దింపం. బస్సు సంగతి ఎవరూ చెప్పలేదు.

ఖానాపురం రైతు: హనుమకొండలో నర్సంపేట బస్సు ఎక్కండి, తరచుగా ఉంటాయి. నర్సంపేటలో ఆటో మాట్లాడుకోండి, రానుపోను కలిపి. దిగగానే పంపేయకండి, సాయంత్రం చెరువు దగ్గర ఆటో దొరకడం కష్టం. చీకటి పడకముందే బయలుదేరండి, అమ్మగారు ఉన్నారు కదా.