చలికాలం రాకముందే మంచు పడింది, మీరంతా ఏం చేస్తున్నారు?

తొలిమంచు:
పొద్దున్నే కర్టెన్ తీస్తే వాకిలంతా తెల్లగా ఉంది. నిన్న సాయంత్రం స్వెటర్ కూడా వేసుకోకుండా తిరిగాను! చెట్ల ఆకులింకా రాలనే లేదు, వాటి మీదే బెత్తెడు మంచు. పిల్లలు గంట నుంచి బయటే ఉన్నారు, పిలిస్తే పలకడం లేదు. నేనేమో పార ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటున్నాను. ఇప్పుడే పెరట్లో కొమ్మ ఒకటి ఫట్‌మని విరిగింది.

పెరటిమనిషి:
అసలు తంటా ఆ ఆకులతోనే అండీ. బోడికొమ్మ మీద మంచు పెద్దగా నిలవదు. ఆకులుంటే దోసిలి పట్టినట్టు పట్టుకుంటాయి. పైగా సున్నా డిగ్రీల దగ్గర పడేది తడిమంచు. కొత్తగా పడిన పొడిమంచు ఘనమీటరుకు 100 కిలోలు కూడా తూగదు, తడిది 200 దాటొచ్చు. చీపురుతో కింది నుంచి పైకి మెల్లగా తట్టండి. పట్టుకుని ఊపొద్దు. గడ్డకట్టిపోయి ఉంటే ముట్టుకోకుండా వదిలేయండి, దానంతటదే కరగాలి. కరెంటు తీగ మీద వాలిన కొమ్మ జోలికి మాత్రం అస్సలు పోవద్దు.

నడుంనొప్పి:
నా పేరు వెనక కథ ఇదే. ఒకసారి ఇలాంటి తడిమంచునే పారతో ఎత్తి భుజం మీదుగా వెనక్కి విసిరాను. మూడు రోజులు మంచం దిగలేదు. ఇప్పుడు ఎత్తను, పక్కకి తోస్తాను. పారకి కొవ్వొత్తి రుద్దండి, మంచు అంటుకోదు. మొత్తం ఆగాక చేద్దాంలే అని కూర్చోవద్దు, మధ్యమధ్యలో తోసేస్తే తేలిక. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, దాని మీద ఈ బరువు పని. ఛాతీ పట్టేసినట్టు అనిపిస్తే పార అక్కడే పడేసి వెంటనే సాయం పిలవండి.

కొత్తసభ్యుడు:
ఇంత కష్టమెందుకు, ఉప్పు చల్లేస్తే పోదా?

పెరటిమనిషి:
పలచటి పొరైతే పోతుంది. మందంగా ఉంటే ముందు తొయ్యాల్సిందే. చలి మైనస్ 10 డిగ్రీల కిందికి దిగితే మామూలు ఉప్పు దాదాపు పనిచేయదు, ఇసుక చల్లితే కాలికి పట్టన్నా దొరుకుతుంది. మొక్కల మొదళ్ల దగ్గర మాత్రం ఉప్పు వద్దు బాబూ, చూస్తూ చూస్తూ చంపుకోవడమే.

చక్రం:
నాకు మంచు కన్నా మర్నాటి పొద్దు భయం. నేల ఇంకా వెచ్చగా ఉంటుంది కదా, తొలిమంచు పడ్డది పడ్డట్టు కరిగి రాత్రికి గడ్డకడుతుంది. తెల్లారితే రోడ్డు ఉత్తినే తడిసినట్టు కనబడుతుంది, అదే బ్లాక్ ఐస్. వంతెనలకు కింద నుంచి కూడా చల్లగాలి తగులుతుంది కాబట్టి అవే ముందు గడ్డకడతాయి. పోయినసారి వంతెన మీద బ్రేకు తొక్కాను. కారు నాతో సంబంధం లేనట్టు, చాలా తాపీగా వెళ్లి పక్క రెయిలింగుకి ఆనుకుంది. ఇంకోమాట, ఇంజన్ ఆన్ చేసే ముందు పొగగొట్టం చుట్టూ మంచు తీసేయండి. అది మూసుకుంటే విషవాయువు కారులోకే వస్తుంది.

మంచురేకు:
అందరూ పార, ఉప్పు, బ్రేకు అంటున్నారు! నల్ల ఊలు గ్లౌజు ఒకటి పది నిమిషాలు బయట పెట్టి చల్లారనివ్వండి. దాని మీద వాలిన రేకును భూతద్దంతో చూడండి. ఆరు కొమ్మలు, ఒక్కో కొమ్మకీ సన్నటి ఈనెలు. మంచులో నీటి అణువులు ఆరుకోణాల గూళ్లుగా అమరడం వల్ల ఆ రూపం. 1885లో విల్సన్ బెంట్లీ అనే అమెరికా రైతు మైక్రోస్కోపుకి కెమెరా బిగించి ఈ రేకుల ఫొటో తీశాడు, ఆ తర్వాత 5,000కు పైగా తీశాడు. ఊపిరి బిగబట్టి చూడాలి సుమా, ఊపిరి తగిలితే చుక్క నీరే మిగులుతుంది. తడిమంచులో రేకులు ముద్దలుగా పడతాయి. రాత్రి చలి పెరిగాక ప్రయత్నించండి.

తొలిమంచు:
సాయంత్రం కబురు. కొమ్మలన్నీ తట్టాను, సగం మంచు నా మెడలోకే దిగింది. తడిమంచు కదా, పిల్లలు చేసిన మంచుబొమ్మకి మాత్రం బాగా కుదిరింది, కొంచెం ఎడమకి ఒరిగిందంతే. నడుంనొప్పి గారూ, కొవ్వొత్తి పనిచేసింది. పార దొరికింది లెండి. నిన్న తోటలో వదిలేశాను, మంచు కిందే ఉంది.