గుండె సర్జన్‌కి పరిశోధన దేనికి? ఆపరేషన్లు చేస్తే సరిపోదా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
మొన్న మా ఊళ్ళో ఒక సన్మాన సభ జరిగింది. మన జిల్లాలో పుట్టి, బయట పెద్ద ఆసుపత్రిలో గుండె సర్జన్‌గా స్థిరపడిన డాక్టరుగారికి. పేరు ఇక్కడ అనవసరం. వారంలో సగం రోజులు ఆపరేషన్ థియేటర్, మిగతా సగం పరిశోధన అని పరిచయం చేశారు. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, "బాబూ, ఆ పేపర్లు రాసే టైములో ఇంకో నలుగురికి ఆపరేషన్ చేస్తే పుణ్యం కదా" అన్నారు. హాలంతా చప్పట్లు. డాక్టరుగారు నవ్వి ఊరుకున్నారు. ఆ చప్పట్లు నాకు నచ్చలేదు గానీ, పెద్దాయనకి ఏం జవాబు చెప్పాలో కూడా తోచలేదు. మీరేమంటారు?

జీడితోట (ఉద్దానం):
నేనుంటే నేనూ కొట్టేవాణ్ణి. పరిశోధన అంటే ఏంటో మాకు బాగా తెలుసు. కిడ్నీ జబ్బు మీద రీసెర్చ్ అని ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నారు. రక్తం తీశారు, బోరు నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. కారణం ఇదీ అని గట్టిగా తేల్చిందెవరు? 2023 చివర్లో పలాసలో ఆసుపత్రితో పాటు రీసెర్చ్ సెంటర్ కూడా వచ్చింది. జనం వెళ్ళేది డయాలసిస్ కోసమే. గుండె సంగతీ అంతే. ఇచ్ఛాపురంలో ఛాతీ నొప్పి వచ్చినవాడు విశాఖ చేరాలంటే రెండొందల కిలోమీటర్లు దాటి వెళ్ళాలి. ఉన్న కాసిని చేతులూ థియేటర్లో ఉండాలి కదండీ.

గంటస్తంభం (విజయనగరం):
నేను విశాఖలో పర్ఫ్యూజనిస్టుని. ఆపరేషన్‌లో గుండె ఆపినప్పుడు రక్తం తిప్పే మిషన్ దగ్గర కూర్చునేవాణ్ణి. పెద్దాయన మాట అప్పట్లో అమెరికాలో చెల్లి ఉంటే నాకీ ఉద్యోగమే లేదు. 1931లో బోస్టన్‌లో జాన్ గిబ్బన్ అనే కుర్ర సర్జన్, ఊపిరితిత్తుల్లోకి రక్తం గడ్డ వెళ్ళిన ఒకామె పక్కన రాత్రంతా కూర్చున్నాడు. ఆమె దక్కలేదు. రక్తాన్ని కాసేపు బయటికి తెచ్చి, ఆక్సిజన్ పట్టించి, లోపలికి పంపగలిగితే బతికేదేమో అన్న ఆలోచన ఆయన్ని వదల్లేదు. పిల్లుల మీద, కుక్కల మీద ప్రయోగాలు చేస్తూ రెండు దశాబ్దాలు గడిపాడు. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో 18 ఏళ్ళ అమ్మాయి గుండెలో రంధ్రం మూస్తున్నప్పుడు ఆ మిషన్ 26 నిమిషాలపాటు గుండె పనీ ఊపిరితిత్తుల పనీ తానే చేసింది. ఆమె బతికింది. ఆ తర్వాత అదే మిషన్‌తో ఆపరేషన్ చేసిన పిల్లలు బతకలేదు. గిబ్బన్ ఆగిపోయాడు. 1955లో మేయో క్లినిక్‌లో కిర్క్‌లిన్ ఆ మిషన్‌నే సరిదిద్ది నిలబెట్టాడు. ఆ ఇరవై ఏళ్ళూ గిబ్బన్ అపెండిక్సులు కోసుకుంటూ కూర్చుంటే ఎంతమందికి మేలు జరిగేదో మీరే లెక్కవేయండి.

ఇది కనిపెట్టడం గురించి. నా దృష్టిలో ఇంతకన్నా పెద్ద పని ఇంకోటుంది, చేస్తున్న ఆపరేషన్ నిజంగా పనిచేస్తోందా అని చూడడం. 1950లలో గుండెనొప్పికి ఛాతీ లోపలి మామరీ రక్తనాళాన్ని ముడివేసే ఆపరేషన్ ఒకటి బాగా నడిచింది. నొప్పి తగ్గిందని రోగులు చెప్పారు, సర్జన్లు సంతోషించారు. 1959లో కాబ్ అనే డాక్టరు, ఆయన బృందం 17 మందిని తీసుకుని, కొందరికి నాళం ముడివేశారు, కొందరికి చర్మం మీద కోసి కుట్టేశారు, అంతే. ఎవరికి ఏం చేశారో రోగికి తెలియదు. నొప్పి రెండు గుంపుల్లోనూ ఒకేలా తగ్గింది! దాంతో ఆ ఆపరేషన్ మూలపడింది. ఆ రోజుల్లో ఆ సర్జన్లు వారానికి ఇంకో నలుగురికి అదే ఆపరేషన్ చేసి ఉంటే ఎవరికి పుణ్యం?

ఇప్పటి సంగతీ చెప్తాను. "బీటింగ్ హార్ట్ సర్జరీ" అని రోడ్డు మీద ఫ్లెక్సీలు చూసే ఉంటారు. నా మిషన్ లేకుండా, గుండె కొట్టుకుంటుండగానే బైపాస్ చేయడం. మన దేశంలో చాలా ఎక్కువ. అది మేలా, మిషన్ పెట్టి చేస్తే మేలా అని 19 దేశాల్లో 4,752 మంది మీద పరీక్షించారు. ఇండియా నుంచీ చాలామంది ఉన్నారు. 2012లో మొదటి ఫలితాలు, 2016లో ఐదేళ్ళ ఫలితాలు వచ్చాయి. చావులు, గుండెపోట్లు, పక్షవాతాల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫ్లెక్సీలు మాత్రం మారలేదు.

జీడితోట:
గిబ్బన్, మేయో, అన్నీ అక్కడి కథలే. వాళ్ళకి డబ్బుంది, చేసుకుంటారు. మనకెందుకు?

గంటస్తంభం:
అయితే తిరువనంతపురం వెళ్దాం. వలియత్తాన్ గారు గుండె సర్జన్. అక్కడి శ్రీ చిత్ర వైద్య సంస్థకి అప్పట్లో డైరెక్టరు. గుండెలో పాడైన కవాటం బదులు పెట్టే విదేశీ వాల్వు కొనలేక జనం చనిపోతుంటే, ఇంజనీర్లని కూర్చోబెట్టి ఇక్కడే తయారు చేయాలని పట్టుబట్టారు. మూడు నమూనాలు ఫెయిలయ్యాయి. ఈ డబ్బుతో వాల్వులు దిగుమతి చేసుకుని కుట్టండి అని ఆయనతోనూ అనగలిగేవాళ్ళం, మన పెద్దాయనలాగే. నాలుగో నమూనా గొర్రెల్లో నిలబడింది. 1990 డిసెంబరులో మొదటి మనిషికి పెట్టారు. ఆ తర్వాత లక్ష మందికి పైగా అదే వాల్వు. మీ మండలంలోనూ ఎవరి గుండెలోనో టిక్కుటిక్కుమంటూ ఉండే ఉంటుంది.

పీజీ కుర్రాడు (చీపురుపల్లి):
గురువుగారూ, మీరు మంచివే ఏరి చెప్తున్నారు. కాలేజీల్లో ప్రమోషన్‌కి పేపర్లు ఉండాలి. ఆ టెన్షన్‌లో ఎలాంటివి రాస్తారో మాకు తెలుసు. ఆరు నెలల కేస్ షీట్లు తిరగేసి, నాలుగు పట్టికలు వేసి, డబ్బు కట్టే జర్నల్‌కి పంపేస్తారు. చదివేవాడు ఉండడు. అదైనా నయం, ఎవరికీ హాని లేదు. జర్మనీలో యోఆఖిమ్ బోల్ట్ అనే, మత్తు ఇచ్చే డాక్టరు సంగతి చూడండి. గుండె ఆపరేషన్లప్పుడు ఎక్కించే స్టార్చ్ సెలైన్ సురక్షితమని పేపర్ల మీద పేపర్లు రాశాడు. 2011లో వాటిలో దాదాపు 90 పేపర్లని జర్నల్స్ వెనక్కి తీసుకున్నాయి. 2013లో ఆయన పేపర్లు పక్కనపెట్టి మిగతా పరిశోధనలన్నీ కలిపి లెక్కవేస్తే, సీరియస్ రోగుల్లో ఆ సెలైన్ కిడ్నీలు పాడుచేస్తోందని, చావులూ పెంచుతోందని తేలింది.

జీడితోట:
చూశారా! చివరికి మళ్ళీ కిడ్నీల మీదకే వచ్చింది.

గంటస్తంభం:
తమ్ముడు చెప్పింది నిజమే, కాదనను. ఆ సెలైన్ నేనూ మిషన్‌లో నింపినవాణ్ణే. కానీ అది తప్పని పట్టుకున్నది కూడా ఇంకొకరి పరిశోధనే కదా.

బొబ్బిలి కోడలు:
మీ వాదనలు బాగున్నాయి గానీ, నా సంగతి వినండి. మా అమ్మది రాజాం దగ్గర పల్లె. చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, కీళ్ళ వాపులు వస్తే ఎవరూ పట్టించుకోలేదట. పెద్దయ్యాక మైట్రల్ వాల్వు మూసుకుపోయి, ఆరోగ్యశ్రీలో స్టీలు వాల్వు వేశారు. ఆపరేషన్ బ్రహ్మాండంగా అయింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. వాల్వు దగ్గర రక్తం గడ్డకట్టకుండా రోజూ ఎసిట్రోమ్ మాత్ర, రక్తం ఎంత పలచబడిందో చూడడానికి నెలనెలా ఐఎన్ఆర్ టెస్టు. చీటీలన్నీ బిస్కెట్ డబ్బాలో దాచింది. 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఒక చీటీలో 1.7. ఆ నెల రోజూ తోటకూర తింది, ఒంటికి మంచిదని పక్కింటావిడ చెప్పిందట. ఇంకో చీటీలో 4.4, ఆర్ఎంపీ ఇచ్చిన మాత్రల వల్ల. అప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం. వాల్వు వేసిన ఆసుపత్రి నుంచి "ఎలా ఉన్నావమ్మా" అని ఒక్క ఫోన్ రాలేదు. టెస్టు అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయంటారు, అవి వాడకూడదా అని అడిగితే, వద్దు అన్నారు. ఎందుకో చెప్పలేదు.

గంటస్తంభం:
అమ్మా, వద్దన్నది సరైనదే. స్టీలు వాల్వు ఉన్నవాళ్ళ మీద దబిగాట్రాన్ అనే కొత్త మాత్రని పరీక్షిస్తే రక్తం గడ్డలూ, రక్తస్రావాలూ రెండూ ఎక్కువయ్యాయి. ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. 2013లో అచ్చయింది. వాల్వు మార్చకుండా, రుమాటిక్ జబ్బుతో (మీ అమ్మగారిలా చిన్నప్పటి గొంతునొప్పి, కీళ్ళ వాపుల తర్వాత వాల్వులు పాడయ్యేది) గుండె లయ తప్పినవాళ్ళ మీద ఇంకో పరీక్ష జరిగింది. అప్పట్లో ఢిల్లీ ఎయిమ్స్‌ కార్డియాలజిస్టుగా ఉన్న కార్తికేయన్ గారు ముందుండి నడిపారు. 24 దేశాలు, నాలుగున్నర వేల మంది. 2022లో ఫలితం వచ్చింది. రివరాక్సబాన్ అనే ఇంకో కొత్త మాత్ర వాడినవాళ్ళ కన్నా, ఎసిట్రోమ్ జాతి పాత మాత్ర వాడినవాళ్ళే ఎక్కువమంది బతికారు. ఈ జబ్బు అమెరికాలో ఇప్పుడు దాదాపు లేదు, కాబట్టి అక్కడివాళ్ళకి తొందరేం ఉండదు. ఈ ప్రశ్న మనలాంటి దేశాలవాళ్ళే అడగాలి.

జీడితోట:
ఇది ఒప్పుకుంటాను. ఇలాంటిదైతే సరే.

నాగావళి గట్టు:
డాక్టరుగారు సంక్రాంతికి మళ్ళీ వస్తున్నారు. ఏం అడుగుదాం?

జీడితోట:
ఎన్ని పేపర్లు రాశారని మాత్రం అడక్కండి. మన జిల్లా నుంచి వెళ్ళి ఆయన చేత వాల్వు వేయించుకున్నవాళ్ళలో ఐదేళ్ళ తర్వాత ఎంతమంది ఉన్నారు, ఎంతమంది మాత్ర మానేశారు, అది అడగండి. చెప్పగలిగితే సగం రోజులేం ఖర్మ, వారానికి నాలుగు రోజులు రాసుకోమనండి.

గంటస్తంభం:
ఎక్కడా ఎవరూ చెప్పలేరు బాబూ. జనం హైదరాబాద్, చెన్నై వలసపోతారు, సిమ్‌లు మారుస్తారు. డిశ్చార్జి కాగితం మీద ఉన్న నంబరు ఆరు నెలలకే పలకదు. ఊరూరూ తిరిగి కనుక్కోవాలి. దానికి మనిషి కావాలి, జీతం కావాలి.

పీజీ కుర్రాడు:
నాకు ఇంకా థీసిస్ టాపిక్ ఖరారు కాలేదు. ఆయన ఒప్పుకుని లిస్టు ఇప్పిస్తే, మా గైడ్‌నీ ఎథిక్స్ కమిటీనీ అడుగుతాను. ఫోన్లు నేను చేస్తాను. బొబ్బిలి అక్కా, ఆ బిస్కెట్ డబ్బా జాగ్రత్త.

జీడితోట:
మందస, సోంపేట వైపు ఫోన్ ఎత్తనివాళ్ళుంటే నాకు చెప్పు తమ్ముడూ, బండి మీద తీసుకెళ్తాను. కానీ ఆపరేషన్ల వెయిటింగ్ లిస్టు సంగతి మీరెవరూ మాట్లాడలేదు. సంక్రాంతికి అది కూడా అడుగుతాను.